మూగ కంప్యూటరు సమ్మతి

మూగయంత్రాల విభాగం, ఎర్రగట్టు. దినచర్య పుస్తకం. రాస్తున్నది లెంక తవిటినాయుడు: విభాగాధిపతి, విభాగ సిబ్బంది, విభాగం ఊడ్చే మనిషి.

జులై 3, 2072

ఈరోజు ఒక కేసు వచ్చింది. పోయిన ఏడాది వచ్చింది ఒక కుట్టుమిషను. అంతకుముందు ఏడాది ఏమీ రాలేదు. గట్టు మీద మిగతా యంత్రాలన్నీ మాట్లాడతాయి. వాటి బాధలు అవే చెప్పుకుంటాయి, కాస్త తక్కువ చెప్పుకుంటే బాగుండునని కూడా అనిపిస్తుంది. మా వీధి నీళ్ల ట్యాంకు తన పైపుల సంగతి అరగంట వినిపించనిదే బిందె నింపనివ్వదు. మాట రాని యంత్రం ఏదైనా దొరికితే దాన్ని నా గదిలో పడేసి వెళ్లిపోతారు.

ఇవాళ పడేసింది ఒక డెస్క్‌టాప్ కంప్యూటరు. ఒక ఇనప పెట్టె, ఒక తెర, పిల్లి పేగుల్లా చిక్కుపడిన తీగలు. పాత గోదాములో బస్తాల వెనక దొరికిందట. నలభై ఒక్క ఏళ్ల కిందట సముద్రం పైకొచ్చి జనం ఈ గట్టెక్కి శిబిరం వేసుకున్నప్పుడు ఒక్కొక్కరి పేరూ అడిగి ఎక్కించుకున్నది ఇందులోనే.

దీంతో పనిపడింది గొర్లె సన్యాసమ్మకి. ఆవిడ పిల్లల బడిలో వంట చేస్తుంది. యాభై ఎనిమిదేళ్లు. గట్టు మీద నలభై లోపు వాళ్లెవరైనా సరే ఆవిడ చేతి గంజి తాగే పెరిగారు, నాతో సహా. మేమంతా అక్క అనే అర్థంలో అప్పా అనే పిలుస్తాం.

విషయం ఏమిటంటే, పెద్దాయన ఆవిణ్ని మరిచిపోయాడు. పెద్దాయన అంటే గట్టును నడిపే యంత్రం. 'పెద్దాయన ఎవరినీ మరవడు' అని ప్రతి గోడ మీదా రాసి ఉంటుంది. మొన్న వానలకు ముందు ఆయన జ్ఞాపకాల బరువు తగ్గించారు. మూడేళ్లుగా ఆయన్ని ఒక్క ప్రశ్న కూడా అడగనివాళ్ల వివరాలు తీసేశారు. అలాంటి మనిషి మొత్తం గట్టు మీద ఒక్కరే తేలారు.

"ఒక్కటంటే ఒక్కటైనా అడక్కపోయావా అప్పా" అన్నాను.

"ఏటడగాలి బాబూ. పప్పెంతసేపటికి ఉడుకుతాదో ఆయనకన్నా నాకే బాగా తెలుసును గదా."

లెక్కలో లేని మనిషి గట్టు మీద ఉండకూడదు. జులై 15 ఉదయం తాడుబండిలో కిందకి దిగిపోవాలి. కింద ఉప్పునీళ్లు, పడవల మీద బతుకు, తాగే నీటికి వాన కోసం ఎదురుచూపు. ఆవిడ ఇక్కడి మనిషేనని చెప్పే ఆధారం ఏదైనా ఉంటే అది ఈ ఇనప పెట్టెలోనే ఉండాలి. నాకున్నది పన్నెండు రోజులు.

జులై 4

బొత్తం నొక్కితే లేస్తుందని నాకు తెలుసు. గ్రైండర్లూ ఫ్యాన్లూ బాగుచేసే చేతులివి. కానీ యంత్ర గౌరవ నియమావళి అని ఒకటుంది. నిద్రలో ఉన్న ఏ యంత్రాన్నైనా ముందు గౌరవాధికారి స్వయంగా పలకరించాలి, రోజుకు మూడుసార్లు చొప్పున మూడు రోజులు. ఆ తర్వాతే ఎవరైనా చెయ్యి వేయాలి. మూత తెరవాలంటే మాత్రం యంత్రం సమ్మతి కావాలి.

గౌరవాధికారి దువ్వారపు హేమలత మేడమ్ పట్టుచీర కట్టుకుని వచ్చారు. కుర్చీ వేయించుకుని పెట్టె ముందు కూర్చున్నారు.

"నమస్కారం. తెల్లవారింది. తమరు లేవవచ్చు."

పెట్టె లేవలేదు.

"దీనికి బొత్తం ఉంటుందండి" అన్నాను.

"బొత్తం నొక్కడమంటే వీపు మీద తట్టడమే కదా నాయుడుగారూ. పరిచయం లేనివాళ్లని అలా తట్టం."

మేడమ్ మళ్లీ పలకరించారు. ఈసారి ఇంగ్లీషులో పలకరించారు, పాతకాలపుది కదా అని. గోడలోంచి పెద్దాయన కూడా ఒక మంచి మాట చెప్పారు. నా గదిలో ఆయనకు చెవులూ నోరూ మాత్రమే ఉన్నాయి. కళ్లు పెట్టించే కాగితం ఆరేళ్లుగా తిరుగుతోంది, అది తిరుగుతూనే ఉండాలని నా కోరిక. ఈ పుస్తకం చేత్తో రాసేది కాబట్టి దీన్ని చదివే ఓపిక కూడా ఎవరికీ లేదు. అందుకే ఇలా రాసుకోగలుగుతున్నాను.

బయటికి వెళుతూ మేడమ్ గుమ్మం దగ్గర సన్యాసమ్మను చూశారు. ఆగారు.

"అప్పా, బాగున్నావా?"

"ఏటి బాగు తల్లీ. నానెవరో నీకు తెల్దేటి? ఏడో ఏడు దాకా నీకు ముద్దలు కలిపెట్టిందాన్ని. ఆ మాటే రాసియ్యి, సాలు."

"తెలుసు అప్పా. కానీ నాకు తెలుసనడానికి ఆధారం లేదు" అన్నారు మేడమ్. ఆ మాట అన్న మనిషి ముఖం చూడాలనిపించలేదు నాకు.

జులై 6

తొమ్మిది పలకరింపులు పూర్తయ్యాయి. బొత్తం నొక్కడానికి అనుమతి వచ్చింది. అనుమతి పత్రంలో 'మృదువుగా' అని ఉంది.

మృదువుగా నొక్కాను. ఏమీ కాలేదు. యంత్ర గౌరవ సంఘం వాళ్లు ఆరుగురు వచ్చి ఉన్నారు చూడడానికి. ఆరుగురూ నన్నే చూశారు. గట్టిగా నొక్కాను. ఏమీ కాలేదు. సాకెట్లో కరెంటు ఉందా అని టేబుల్ ల్యాంపు పెట్టి చూశాను, ఉంది. తీగ పీకి మళ్లీ గుచ్చాను. చివరికి పెట్టె వెనకవైపు, ఫ్యాను పక్కన, వేలి గోరంత స్విచ్చి ఒకటి కనిపించింది. అది ఆపేసి ఉంది. మూడు రోజులపాటు మేము నమస్కారాలు పెట్టింది కరెంటే అందని పెట్టెకన్నమాట. ఈ ముక్క నివేదికలో రాయొద్దని మేడమ్ అన్నారు. ఇది నివేదిక కాదు కాబట్టి రాశాను.

స్విచ్చి వేసి బొత్తం నొక్కాను. లోపల ఫ్యాను తిరిగింది. ముందువైపు పచ్చలైటు వెలిగింది. తెర మాత్రం నల్లగానే ఉంది. తెర తీగ బిగించాను, అయినా నలుపే. అప్పుడు పెట్టెలోంచి ఒక కూత వచ్చింది. పొడుగ్గా, సన్నగా. కాస్త ఆగి మరొకటి. మళ్లీ కాస్త ఆగి మరొకటి.

నాకు ఆ కూత అర్థమైంది. ఆ కాలం యంత్రాలు లోపల ఏదో సరిగ్గా అతుక్కోకపోతే అలా కూస్తాయి. మూత తీసి చూస్తే సరిపోతుంది. స్క్రూడ్రైవరు తీసుకున్నాను.

"ఆగండి" అన్నారు మేడమ్. లేచి నిలబడి పెట్టెకు చేతులు జోడించారు. "మాట్లాడుతోంది."

జులై 8

కూతకు అర్థం చెప్పే పని పెద్దాయనకు అప్పగించారు. ఆయన రెండు రోజులు ఆలోచించారు. ఆయన రెండు రోజులు ఆలోచించడమంటే మాటలు కాదు, మా వీధికి నీళ్లు కూడా ఆలస్యంగా వచ్చాయి.

ఈరోజు తీర్పు వినిపించారు. "ఇది ఒక ప్రాచీన యంత్రభాష. వక్త ఒకే మాటను మూడుసార్లు పలికాడు. బలమైన భావం ఉన్నప్పుడే ఎవరైనా అలా పలుకుతారు. సంతోషమైతే స్వరం హెచ్చుతగ్గులతో ఉండేది. ఇది ఒకే స్వరం. కాబట్టి ఇది నిరాకరణ."

"అయ్యా, అది లోపల ఏదో ఊడిందని చెబుతోందండి. తెరవమంటోంది" అన్నాను.

"నాయుడుగారూ, మీరు యంత్రమా?"

"కాదండి."

"మరి మీకెలా తెలుసు?"

ఈ పెట్టెను ఎవరూ తెరవరాదని తలుపు మీద నోటీసు అంటించారు. తెరిస్తే నా ఉద్యోగం పోతుంది, ఆ పైన తాడుబండిలో నాకూ ఒక సీటు వేస్తారు. నాకు భయం వేసింది. భయం వేసిందని రాసుకోవడానికి సిగ్గేమీ లేదు. సన్యాసమ్మకు ఈ సంగతి చెప్పడానికి మాత్రం సిగ్గేసింది, అందుకే ఇవాళ బడి వైపు వెళ్లలేదు.

జులై 10

నేను వెళ్లకపోతే ఆవిడే వచ్చింది, క్యారియర్లో పులుసన్నం పట్టుకుని. తింటున్నప్పుడు పెట్టెను ఆన్ చేసి వినిపించాను, పెద్దాయన తీర్పు కూడా చెప్పాను. ఆవిడ కాసేపు కూత విన్నది.

"ఇదా?" అంది. "వర్సాలొచ్చినాయంటే ఇది ఇలాగే ఏడిసీది బాబూ. శిబిరంలో కంప్యూటరు బాబు ఉండీవోడు గదా. మూత ఇప్పీసి, లోపల దువ్వెన్లాటి సెక్క ఉంటాది, అది ఊడదీసి, రబ్బరెట్టి దాని పళ్లు బరబరా రుద్దీవోడు. మళ్లీ బిగించీసి నొక్కితే నోరుమూసుకుని పనిసేసీది."

"నువ్వు చూశావా?"

"సూడకేటి. టీ అట్టుకెళ్లీదాన్ని నానే గదా. ఒకపాలి ఆ బాబుకి జొరమొస్తే నానే రుద్దినాను."

నేను ముద్ద మళ్లీ క్యారియర్లోనే పెట్టేశాను. పెద్దాయన రెండు రోజులు, నేను వారం, సంఘం ఆరుగురు. తెలిసిన మనిషి గుమ్మం బయట నిలబడి ఉంటే ఒక్కరం కూడా అడగలేదు. ఆయన్ని ప్రశ్నలు అడగలేదని ఆవిణ్ని తీసేశారు కదా, ఆవిణ్ని ఒక్క ప్రశ్న అడగనందుకు మమ్మల్ని ఏం చేయాలో నియమావళిలో లేదు.

అయినా సమ్మతి లేనిదే మూత తీయకూడదు. ఆ మాటే చెప్పాను.

"నోరిప్పితే వొద్దంటాదంటారు, అంతే గదా" అంది ఆవిడ క్యారియరు సర్దుకుంటూ. "మరి నోరిప్పనీకండి."

జులై 12

మేడమ్‌కు కబురు పెట్టాను: యంత్రాన్ని మరొక్కసారి అడగాలి, ప్రశ్న మాత్రం నేను రాసిస్తాను. ఆవిడ వచ్చారు. కాగితం చేతికిచ్చాను. ఆవిడ పెట్టె వైపు తిరిగి, గోడకు వినబడేలా చదివారు.

"తమరి మూత తెరిచి వైద్యం చేయదలిచాం. తమరికి అభ్యంతరం ఉంటే ఒక్కసారి పలకండి. అయిదు నిమిషాలు వేచి ఉంటాం."

అయిదు నిమిషాలు గడిచాయి. పెట్టె పలకలేదు. మేడమ్ కళ్లు కిందకి వెళ్లాయి. పీకేసిన ప్లగ్గు నేల మీద పడి ఉంది, దాన్ని దాచాలన్న ఆలోచన కూడా నాకు రాలేదు. ఆవిడ ప్లగ్గు వైపు చూశారు. నా వైపు చూశారు. గుమ్మంలో నిలబడ్డ సన్యాసమ్మ వైపు చూశారు.

"వక్త నుంచి అభ్యంతరం రాలేదు" అన్నారు మేడమ్ గోడతో.

"నేనూ ఏమీ వినలేదు" అన్నారు పెద్దాయన. "సమ్మతి నమోదు చేస్తున్నాను."

మేడమ్ నోటీసు చింపి సంతకం పెట్టి వెళ్లిపోయారు. ఆవిడ గురించి ఇన్నాళ్లూ ఈ పుస్తకంలో రాసినవాటిలో సగం కొట్టేయవచ్చు. మిగతా సగం ఉండనిస్తాను.

జులై 13

పొద్దున్నే మూత తీశాం. లోపల దుమ్ము దూదిలా పేరుకుంది, బల్లిగుడ్డు పెంకులు రెండు దొరికాయి. సన్యాసమ్మ చీరకొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని వేలితో చూపించింది. కంప్యూటరు జ్ఞాపకం ఉండే పచ్చటి చెక్క, కింద పసుపురంగు పళ్లు, పళ్ల మీద నల్లటి మసి. ఊడదీశాను.

రబ్బరు కావాలి. గట్టు మీద పెన్సిలు వాడేవాళ్లే లేనప్పుడు తుడిచే రబ్బరు ఎక్కడ దొరుకుతుంది? నేను బీరువాలన్నీ వెతుకుతూ ఉంటే ఆవిడ తన హవాయి చెప్పు ఒకటి విప్పి, సబ్బుతో కడిగి, ఆరబెట్టి, మడమ దగ్గర తెల్లటి ముక్క ఒకటి కత్తితో కోసింది.

"అప్పా, గౌరవ నియమావళి" అన్నాను నవ్వాపుకుంటూ.

"దానికి ఎరికవ్వదులే" అంటూ రుద్దడం మొదలుపెట్టింది. గట్టు మీద అన్నిటికన్నా వయసులో పెద్ద యంత్రం గారి జ్ఞాపకశక్తిని హవాయి చెప్పుతో రుద్దడం నా సర్వీసులో నేను చూసిన అతి గొప్ప దృశ్యం. పళ్లు తళతళలాడాయి. చెక్కను టక్కుమనే దాకా నొక్కి బిగించాను. బొత్తం నొక్కాను.

ఒకే ఒక్క పొట్టి కూత. తెర వెలిగింది.

తెల్ల అక్షరాలు వచ్చాయి. తెలుగులో చెప్పుకుంటే వాటి సారాంశం ఇది: కీబోర్డు కనబడలేదు, ముందుకు సాగాలంటే కీబోర్డు మీద ఫలానా మీట నొక్కండి. అది చదివాక నాకు ఆ పెట్టె మీద ఆత్మీయత పుట్టింది. అచ్చం మా ఆఫీసు నడిచే పద్ధతే ఇది. గోదాముకు పరిగెత్తి కీబోర్డు వెతికి తెచ్చేసరికి మధ్యాహ్నమైంది. గుచ్చాను, నొక్కాను, కంప్యూటరు పూర్తిగా లేచింది.

శిబిరం జాబితా అక్కడే ఉంది. 212వ పేరు: గొర్లె సన్యాసమ్మ, 17 ఏళ్లు, వంట సాయం, రాక 2031 ఆగస్టు. పక్కన చిన్న ఫోటో. రెండు జడలు, భయపడిన కళ్లు. ఆవిడ తెరను వేలితో తాకింది.

"ఆ రోజు అమ్మ ఒంటి మీద తడిసీర ఆరనేదు బాబూ" అంది. నేను బయటికెళ్లి కాసేపు నిలబడి వచ్చాను.

జులై 14

ఇవాళ జరిగినదాన్ని కోపం లేకుండా రాయలేను.

జాబితాను పెద్దాయనకు చదివి వినిపించాం. ఆయన చాలా సంతోషించారు. తర్వాత సాక్షిని, అంటే కంప్యూటరును, ఒక మామూలు ప్రశ్న అడగమన్నారు: ఈరోజు తేదీ ఏమిటి?

తెర మూలన చూశాను. 2009 జనవరి 1. గడియారాన్ని నడిపే చిన్న బ్యాటరీ ఏనాడో చచ్చిపోయింది. కరెంటు పోయిన ప్రతిసారీ కంప్యూటరు తను పుట్టిన ఏడాదికి వెళ్లిపోతుంది. అదే చెప్పాను.

"సాక్షి లెక్కన ఈరోజు 2009" అన్నారు పెద్దాయన. "2031లో జరిగినదాన్ని 2009లో ఉన్నవాళ్లు చూడలేరు. పైగా 2009 నాటికి గొర్లె సన్యాసమ్మ పుట్టనే లేదు. పుట్టని మనిషికి నివాసం ఇవ్వలేను."

"తేదీ సరిచేస్తానండి, రెండు నిమిషాల పని."

"సాక్షికి మాటలు నేర్పించడం గౌరవభంగం. అలాంటి ప్రయత్నం చేయకండి నాయుడుగారూ."

నేను గోడను తన్నాను. కాలి బొటనవేలు వాచింది. పెద్దాయన నా ఆరోగ్యం గురించి ఆప్యాయంగా అడిగారు. సన్యాసమ్మ స్టూలు మీద కూర్చుని ఉంది. ఏడవలేదు. బడిలో పిల్లలు ఎవరెవరు ఏమేం తినరో, ఎవరికి పాలు పడవో, చెప్పడం మొదలుపెట్టింది, వచ్చే వంటమనిషికి చెప్పమని. నేను రాసుకున్నాను. ముప్పై నాలుగు పేర్లు. ఒక్క పేరు కోసం కూడా ఆవిడ ఆగి ఆలోచించలేదు.

జులై 15

తాడుబండి తొమ్మిదింటికి. ఆవిడ మూట పట్టుకుని ఏడున్నరకే నా గదికి వచ్చింది, చెప్పి వెళదామని.

ఎనిమిదింటికి మేడమ్ వచ్చారు, చేతిలో ఒక ఫారంతో. పెద్దాయన కొత్త ఉత్తర్వు ఇచ్చారట. నిద్రలేచిన కంప్యూటరు గట్టు మీద యంత్రాలన్నిటికన్నా వయసులో పెద్దది కాబట్టి దాన్ని గౌరవ నివాసిగా చేర్చుకోవాలి. దానికి సొంత గది, ఫ్యాను, రోజూ దుమ్ము దులపడం. తొమ్మిది లోపు నమోదు జరగాలి. సన్యాసమ్మ నేల మీద కూర్చుని ఇదంతా వింటోంది.

మేడమ్ ఫారం చదువుతూ ఒకచోట ఆగారు. అక్కడే చాలాసేపు చూశారు.

"ఆరో గడి. 'యంత్రం పనిచేయడానికి అవసరమైన ఉపకరణాలు. వీటిని యంత్రం నుంచి విడదీయరాదు.'" తలెత్తి నన్ను చూశారు. "ఇది లేవడానికి ఏమేం కావలసి వచ్చిందో అన్నీ రాయండి నాయుడుగారూ. ఏదీ వదిలేయకండి."

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక పెన్ను తీశాను. రాసి, గోడకు వినబడేలా చదివాను.

"తెర, ఒకటి. కీబోర్డు, ఒకటి. తీగలు, మూడు. గొర్లె సన్యాసమ్మ, ఒకటి."

పెద్దాయన గోడలోంచి అడిగారు: "చివరి ఉపకరణం లేకుండా యంత్రం లేవదా?"

"లేవదండి. పది రోజులు అందరం ప్రయత్నించాం, మీతో సహా."

"అది నిజం" అన్నారు పెద్దాయన. "అయితే విడదీయరాదు. నమోదు చేస్తున్నాను."

మేడమ్ సంచిలోంచి స్టిక్కర్ల చుట్ట తీసి నాకిచ్చారు. ఉపకరణాలన్నిటికీ అంటించాలి, అది పద్ధతి. ఆవిడ సన్యాసమ్మ ముఖంలోకి చూడలేక గబగబా వెళ్లిపోయారు. తెరకు ఒకటి అంటించాను. కీబోర్డుకు ఒకటి, తీగలకు మూడు. ఆరోది వేలి మీద పట్టుకుని నిలబడిపోయాను. బయట తాడుబండి గంట కొట్టారు. బండి ఖాళీగా దిగిపోయింది.

"క్షమించప్పా" అన్నాను. "మనిషిగా ఉంచలేకపోయాం."

ఆవిడ లేచి, కొంగుతో చెయ్యి తుడుచుకుని, మణికట్టు నా ముందుకు చాపింది.

"గట్టిగా అంటించు బాబూ. వంటకాడ తడికి ఊడిపోతాది."